చేతులు కడుక్కోమని డాక్టరును అడగొచ్చా?

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది ఉప్పల్. పోయినేడాది మా నాన్నగారు బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగితే నగరంలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించాం. ఆపరేషన్ బాగానే జరిగింది. వారం తిరక్కుండానే చలిజ్వరం వచ్చి, బీపీ పడిపోయి, ఐసీయూకి మార్చారు. మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి అది రక్తంలోకి పాకిందన్నారు. ఆపరేషన్ నాడు వేసిన యూరిన్ పైపు అప్పటికీ అలాగే ఉంది. బతికి బయటపడ్డారు గానీ మనిషి సగమైపోయారు. ఇప్పుడు మా అమ్మకు వచ్చే నెల మోకీలు మార్పిడి చేయాలంటున్నారు. ఆమెకు 63 ఏళ్లు, షుగర్ ఉంది. నాకు ఆసుపత్రి అంటేనే కాళ్లు వణుకుతున్నాయి. నాన్న దగ్గర ఉన్నప్పుడు రౌండ్స్‌కు వచ్చినవాళ్లు ఒక మంచం నుంచి ఇంకో మంచానికి చేతులు కడుక్కోకుండా వెళ్లడం కళ్లారా చూశాను, అడగడానికి నోరు రాలేదు. తమ్ముడేమో 'నువ్వేం మాట్లాడకక్కా, వాళ్లకు కోపమొస్తే ఆ కసి అమ్మ మీద తీర్చుకుంటారు' అంటున్నాడు. అడగొచ్చా? ఎలా అడగాలి? మంచి ఆసుపత్రిని ఎట్లా గుర్తుపట్టాలి? నాన్న విషయంలో ఆసుపత్రిది తప్పేనా? సూర్యాపేట నుంచి చుట్టాలందరూ చూడ్డానికి వస్తామంటున్నారు, వాళ్లనేం చేయాలి?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: అడగొచ్చమ్మా. అడగాలి కూడా. మీ తమ్ముడి భయం సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు నాన్నగారి విషయం తేల్చుకుందాం, అమ్మ దగ్గర మీరు కనిపెట్టుకుని ఉండాల్సినవి చాలావరకు అందులోనే ఉన్నాయి.

తుంటి విరిగిన మనిషి లేచి బాత్రూంకు పోలేడు. కాబట్టి మొదట యూరిన్ పైపు వేయడంలో తప్పేమీ లేదు. ఆపరేషన్ అయ్యాక వేరే కారణమేదీ లేకపోతే ఒకటి రెండు రోజుల్లో తీసేయాలి. పైపు లోపలున్న ప్రతి రోజుకూ మూత్రంలోకి సూక్ష్మజీవులు చేరే అవకాశం 3 నుంచి 7 శాతం చొప్పున పెరుగుతూ పోతుంది. అవి పైపు గోడలకు అంటుకుని జిగురు పొరలాగా పేరుకుంటాయి. ఆ పొరలోకి యాంటీబయాటిక్ సరిగ్గా చొరబడదు. అందుకే పైపు అలాగే ఉంచి పైనుంచి ఎన్ని ఇంజెక్షన్లు చేసినా అనుకున్నంత ఫలితం ఉండదు.

మరి తీయాల్సిన పైపు ఎందుకు ఉండిపోతుంది? చాలాసార్లు అది ఎవరికీ గుర్తుండదు. ఎముకల డాక్టరు వచ్చి కాలు చూస్తారు, కుట్లు చూస్తారు. ఫిజీషియన్ వచ్చి షుగరు, బీపీ చూస్తారు. దుప్పటి కింద ఉన్న పైపు ఎవరి లెక్కలోకీ రాదు. సిస్టర్లకు తెలుసు, కానీ డాక్టరు రాయందే వాళ్లు తీయరు. ఇంట్లోవాళ్లకేమో పైపు ఉంటేనే నయమనిపిస్తుంది, పక్క తడవదు, ముసలాయన్ని మాటిమాటికీ లేపాల్సిన పనుండదు. అందరికీ అనుకూలంగా ఉన్నది కాబట్టి ఎవరూ కదిలించరు.

మీ చేతిలో ఉన్న మొట్టమొదటి ఆయుధం ఇక్కడే ఉంది. అమ్మకు పైపు వేస్తే రోజూ పొద్దున రౌండ్స్‌లో ఒకే ప్రశ్న అడగండి: "డాక్టరు గారూ, ఈ పైపు ఇవాళ తీసేయొచ్చాండీ?" అవసరమైతే ఎందుకు అవసరమో చెప్తారు. అవసరం లేకపోతే మీరు అడిగినందుకే గుర్తొచ్చి తీసేస్తారు. చేతికి పెట్టిన సెలైన్ సూదికీ, మెడ దగ్గర నరంలోకి లైను (సన్న గొట్టం) వేస్తే దానికీ, గాయం పక్కన డ్రెయిన్ (లోపలి రక్తం, నీరు బయటికి తీసే గొట్టం) పెడితే దానికీ ఇదే ప్రశ్న. ఒంట్లోకి వెళ్లిన ప్రతి గొట్టమూ బయటి క్రిములకు తెరిచి పెట్టిన తలుపే. ఈ ఉత్తరంలో మీకు ఒక్క ముక్కే గుర్తుంటుందనుకుంటే ఇదే గుర్తుపెట్టుకోండి.

ఇక తప్పెవరిదన్న ప్రశ్న. ఆసుపత్రిలో ఇన్ఫెక్షన్ వచ్చిందంటే ప్రతిసారీ నిర్లక్ష్యమే అనలేం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఆసుపత్రిలో చేరిన ప్రతి వందమందిలో ధనిక దేశాల్లో 7 మందికి, మనలాంటి దేశాల్లో 15 మందికి కనీసం ఒక్క ఇన్ఫెక్షన్ అయినా అక్కడే అంటుకుంటోంది. అలా అంటినవాళ్లలో పదింట ఒకరు దానివల్లే చనిపోతున్నారు. జాగ్రత్తలు సరిగ్గా పాటిస్తే వీటిలో చాలావాటిని ఆపొచ్చు, అన్నింటినీ కాదు. నాన్నగారిది ఆపగలిగినదా కాదా అన్నది కేసు షీటు చూస్తేనే తెలుస్తుంది. పైపు అన్ని రోజులు ఎందుకు ఉంచారో అందులో కారణం రాసి ఉండాలి. రాసి ఉంటే సరే. రాసి లేకపోతే అది ఆసుపత్రి లోపమేనని నేను మొహమాటం లేకుండా చెప్తాను. రికార్డులు కావాలని కాగితం మీద రాసి ఇవ్వండి. వైద్య మండలి 2002లో తెచ్చిన నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి, మూడేళ్లపాటు భద్రపరచాలి. పోయినేడాదివే కాబట్టి ఇంకా ఉంటాయి. అవి పట్టుకుని మెడికల్ సూపరింటెండెంటును కలిసి, ఈ కేసును వాళ్ల ఇన్ఫెక్షన్ కంట్రోల్ కమిటీ ముందు పెట్టమని అడగండి. మీకు పరిహారం వచ్చినా రాకపోయినా, రేపు ఆ వార్డులో పడుకునే మనిషికి పైపు సకాలంలో తీస్తారు.

ఇప్పుడు చేతుల సంగతి. 1897 ఆగస్టులో మన సికింద్రాబాదులోనే డాక్టరు రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. అంతకుముందు మలేరియా చెడుగాలి వల్ల వస్తుందని చాలామంది అనుకునేవాళ్లు. మోసుకొచ్చేది దోమ అని తేలాకే దాన్ని ఎక్కడ అడ్డుకోవాలో తెలిసింది. ఆసుపత్రి ఇన్ఫెక్షన్ల విషయంలోనూ జనానికి ఇప్పటికీ గాలి మీదే అనుమానం. 'ఐసీయూ గాలి మంచిది కాదు' అంటారు. క్షయ, తట్టు, ఆటలమ్మ లాంటివి గాలిలో వస్తాయి, నిజమే. మీ నాన్నగారికి వచ్చినలాంటి ఇన్ఫెక్షన్లను మాత్రం ఎక్కువగా మోసుకొచ్చేది చెయ్యి. డాక్టరు చెయ్యి, సిస్టర్ చెయ్యి, వార్డుబాయ్ చెయ్యి, మన చెయ్యి.

వార్డులో ఒక పూట కూర్చుని గ్లౌజులను మాత్రమే గమనించండి, నేననేది మీకే తెలుస్తుంది. సిస్టర్ కౌంటరు దగ్గర గ్లౌజులు తొడుక్కుంటుంది. ఆ చేత్తోనే తలుపు తీస్తుంది, కర్టెన్ లాగుతుంది, మంచం రెయిలింగ్ దించుతుంది, మోగుతున్న మానిటరును నొక్కుతుంది. ఆఖరుకు అదే గ్లౌజుతో అమ్మ చేతికున్న కాన్యులా (సెలైన్ ఎక్కించే సూది) మూత తీసి ఇంజెక్షన్ చేస్తుంది. చూసేవాళ్లకు గ్లౌజులున్నాయి కదా అనిపిస్తుంది. ఆ గ్లౌజు కాపాడింది సిస్టర్ చేతిని. దారిలో అంటినవన్నీ నేరుగా అమ్మ నరంలోకి పోయే దారి దగ్గరికి చేరాయి. రెయిలింగ్ లాంటి పొడి చోట్ల కూడా కొన్ని మొండి బ్యాక్టీరియాలు రోజులు, వారాలు, ఒక్కోసారి నెలల తరబడి బతికే ఉంటాయి. గ్లౌజు చేతులు శుభ్రం చేసుకోవడానికి బదులు కాదు. తొడుక్కునే ముందూ చేతులు రుద్దుకోవాలి, తీసేశాకా రుద్దుకోవాలి.

చేతులు ఎప్పుడెప్పుడు శుభ్రం చేసుకోవాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు సందర్భాలు చెప్పింది. రోగిని ముట్టుకునే ముందు, సూది, డ్రెస్సింగ్, పైపు లాంటి పనికి ముందు, రక్తమో మూత్రమో తగిలే పని చేశాక, రోగిని ముట్టుకున్నాక, మంచం, దుప్పటి, రెయిలింగ్ లాంటివి ముట్టుకున్నాక. ఆ చివరిదాన్ని అందరూ మర్చిపోతారు. 'నేను పేషెంటును ముట్టుకోలేదు కదా, ఫైలు పెట్టొచ్చానంతే' అంటారు. శానిటైజర్ అయితే చేతులు మొత్తం తడిసేంత తీసుకుని 20 నుంచి 30 సెకన్లు రుద్దాలి, సబ్బూ నీళ్లూ అయితే 40 నుంచి 60 సెకన్లు. బొటనవేళ్లు, వేళ్ల కొసలు, గోళ్ల చుట్టూ ఎక్కువగా వదిలేస్తుంటాం. చేతికి మురికి కనిపిస్తున్నా, రోగికి విరేచనాలు అవుతున్నా శానిటైజర్ సరిపోదు, సబ్బుతో కడగాల్సిందే. విరేచనాలు తెప్పించే క్లాస్ట్రిడియం రకం బ్యాక్టీరియా గింజల్లాంటి గట్టి రూపాలు (స్పోర్లు) ఆల్కహాలుకు చావవు.

ఇక మీ తమ్ముడి భయానికి వద్దాం. ఆయన చెప్పింది పూర్తిగా కొట్టిపారేయను. రాత్రి డ్యూటీలో ఒక్క సిస్టర్ ఎంతమందిని చూసుకుంటుందో మీరూ చూసే ఉంటారు. భోజనం కూడా నిలబడి తినే మనిషిని పదిమంది ముందు 'చేతులు కడుక్కున్నారా?' అని గద్దిస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. అంతమాత్రాన కసి రోగి మీద తీర్చుకుంటారన్నది నేను ఒప్పుకోను. చిరాకుపడతారేమో, అది వేరే. అడిగే తీరు, అడిగే వేళ చూసుకుంటే ఆ చిరాకు కూడా రాదు.

మొదటి రోజే, హడావిడి లేని వేళ చూసి, హెడ్ సిస్టర్ దగ్గరికెళ్లి చెప్పండి: "అమ్మా, మా నాన్నకు పోయినసారి ఇన్ఫెక్షన్ వచ్చి ఐసీయూ దాకా వెళ్లొచ్చాడు. నాకు భయం ఎక్కువ. నేను మాటిమాటికీ చేతుల గురించి అడిగితే ఏమనుకోకండి." ఈ ఒక్క మాటతో మీరు తప్పులు పట్టే మనిషిగా కాక, భయపడుతున్న కూతురిగా కనిపిస్తారు. సిస్టర్లకూ ఇళ్లలో అమ్మానాన్నలున్నారు. తర్వాత మంచం పక్కన శానిటైజర్ సీసా అందరికీ అందేచోట పెట్టండి. ఎవరైనా రాగానే ముందు మీరు చేతులు రుద్దుకుని, సీసా వాళ్ల వైపు జరిపి "తీసుకోండి సిస్టర్" అనండి. పెద్ద డాక్టరుకైనా ఇంతే: "డాక్టరు గారూ, శానిటైజర్ ఇదిగోండి." ఎక్కువమంది మారుమాట లేకుండా తీసుకుంటారు. ఎవరైనా "నేను అక్కడే కడుక్కునొచ్చాను" అంటే "సరేనండీ, నా భయం కొద్దీ అడిగాను" అనండి, చాలు. రెండోసారి ఆయన మీ కళ్లెదురుగానే రుద్దుకుంటారు. ఎమర్జెన్సీలో మాత్రం అడ్డుపడకండి, గుండె ఆగిన మనిషి దగ్గర శానిటైజర్ గురించి మాట్లాడే టైము కాదు.

మీ తమ్ముడికి ఇంకో సంగతి కూడా చెప్పండి. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో వందకు పైగా ఐసీయూల్లో, మెడ దగ్గరా ఛాతీ దగ్గరా వేసే లైన్ల వల్ల వచ్చే రక్త ఇన్ఫెక్షన్లను తగ్గించడానికి ఒక చిన్న చెక్‌లిస్టు పెట్టారు. చేతులు కడుక్కోవడం, గౌను, మాస్కు వేసుకుని రోగి మీద పూర్తిగా శుభ్రమైన గుడ్డ కప్పడం, క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిములను చంపే మందుతో చర్మం తుడవడం, వీలైనంతవరకు తొడ దగ్గర లైను వేయకపోవడం, అవసరం తీరగానే తీసేయడం. అందులో ఖరీదైన మిషను ఒక్కటీ లేదు. ఏ మెట్టు తప్పినా, ఎమర్జెన్సీ కాకపోతే, డాక్టరును ఆపేసే అధికారం నర్సుకు ఇచ్చారు. 2006లో ఫలితాలు అచ్చయ్యాయి. ఏడాదిన్నర తర్వాత చూస్తే ఆ ఇన్ఫెక్షన్లు 66 శాతం దాకా తగ్గాయి. ఒక నర్సు డాక్టరును ఆపి అడగగలిగిన చోట ప్రాణాలు నిలబడ్డాయి. మన వార్డుల్లో సిస్టర్లకు ఇంకా అంత చనువు లేదు, ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను. అది వచ్చేదాకా ఆ నోరు మీరే కావాలి.

మీ చేతుల గురించీ చెప్పాలి, కోపం తెచ్చుకోకండి. అటెండెంటు కూర్చునే స్టూలు, తినే డబ్బా, మంచం మీద పెట్టే ఫోను, పక్క మంచం ముసలమ్మకు సాయంగా అందించిన బెడ్‌పాన్, ఆ చేత్తోనే మళ్లీ అమ్మ దుప్పటి సర్దడం. మన ఆసుపత్రుల్లో సగం పని చేసేది ఇంటివాళ్లే, కాబట్టి సగం బాధ్యతా మనదే. కనీసం 60 శాతం ఆల్కహాలు ఉన్న శానిటైజర్ మీ బ్యాగులో పెట్టుకోండి. ఫోను రోజూ తుడవండి. పక్కవాళ్లకు సాయం చేయండి, చేశాక చేతులు కడుక్కునే అమ్మ దగ్గరికి రండి.

యూరిన్ సంచి దగ్గర రెండు పొరపాట్లు పదేపదే కనిపిస్తాయి. ఎక్స్‌రేకో స్కానింగ్‌కో తీసుకెళ్లేటప్పుడు వార్డుబాయ్ ఆ సంచి ఎత్తి రోగి కాళ్ల మధ్యలోనో పొట్ట మీదో పెట్టి స్ట్రెచర్ తోస్తాడు. అప్పుడు సంచిలోని మూత్రం వెనక్కి మూత్రాశయంలోకి పారే ప్రమాదం ఉంది. కదిలించే ముందే సంచి ఖాళీ చేయమనండి, దారిలోనూ నడుము కంటే కిందే వేలాడేలా చూడండి. అలాగని నేల మీదా ఆననివ్వకండి. రెండోది ఖాళీ చేసే మగ్గు. వార్డంతటికీ ఒకటే మగ్గు తిప్పుతూ ఒకరి తర్వాత ఒకరిది పట్టడం చాలాచోట్ల ఉంది. ఒకరి మూత్రంలోని క్రిమి ఇంకొకరికి అంటడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. అమ్మకు విడిగా ఒక మగ్గు కొనిపెట్టండి, పేరు రాసి ఉంచండి. సంచి కింది గొట్టం కొస మగ్గుకు తగలకూడదు.

చేతికున్న కాన్యులాను మీరే రోజూ చూడండి. దాని మీది ప్లాస్టరుపై పెట్టిన తేదీ రాసి ఉండాలి. చుట్టూ ఎర్రబడినా, ఉబ్బినా, అమ్మ మంట అన్నా, ప్లాస్టరు తడిసి ఊడుతున్నా వెంటనే సిస్టర్‌కు చెప్పండి, తెల్లారేదాకా ఆగొద్దు. ఇంజెక్షన్ చేసేముందు ఆ మూతను స్పిరిట్ దూదితో రుద్ది తుడవాలి. ఇక్కడే ఒక సున్నితమైన విషయం. గుడి నుంచో దర్గా నుంచో తెచ్చిన దారాలు మణికట్టుకు కడతారు, అవి తడిసి, సబ్బు నురగ పట్టి, సరిగ్గా కాన్యులా పక్కనే ఉంటాయి. మొక్కును నేను కాదనను. ఆ దారం ఆపరేషన్‌కు ముందే తీసి ఇంట్లో దేవుడి దగ్గర పెట్టండి. గాజులు, ఉంగరాలూ అంతే. విభూతి నుదుటికి పెట్టుకోవచ్చు, కట్టు దగ్గరికి మాత్రం రానివ్వకండి.

ఆసుపత్రి ఎంపిక గురించి అడిగారు. కింద పాలరాయి, పైన ఏసీ చూసి మోసపోకండి. ఆపరేషన్ తేదీ తీసుకునే ముందు ఒకసారి వార్డు చూస్తామని అడగండి. ప్రతి మంచం దగ్గరా హ్యాండ్‌రబ్ (శానిటైజర్) సీసా ఉందా? ఒక్కసారి నొక్కి చూడండి, ఖాళీ సీసాలు తగిలించి ఉన్న వార్డులు తక్కువేమీ లేవు. సింకు దగ్గర సబ్బు, చేతులు తుడుచుకునే కాగితం ఉన్నాయా? పసుపు, ఎరుపు, తెలుపు, నీలం చెత్తడబ్బాల్లో దేనిది దానిలోనే వేస్తున్నారా? 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం రక్తం అంటిన దూది, కట్లు పసుపులోకి, సెలైన్ గొట్టాలు, గ్లౌజులు ఎరుపులోకి, సూదులు బయటికి గుచ్చుకురాని గట్టి తెల్లడబ్బాలోకి, గాజు సీసాలు నీలంలోకి వెళ్లాలి. ఎరుపు డబ్బాలో సూది కనిపించిందంటే ఆ వార్డులో మిగతా పనులూ అలాగే ఉంటాయని నా లెక్క.

తర్వాత ఒక ప్రశ్న అడగండి: "మీ ఇన్ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్ ఎవరు? పోయినేడాది మీ దగ్గర మోకీలు మార్పిడి చేసినవాళ్లలో ఎంతమందికి ఇన్ఫెక్షన్ వచ్చింది?" ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యతను పరిశీలించే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ఆసుపత్రి ఆపరేషన్ గాయాల ఇన్ఫెక్షన్లు, యూరిన్ పైపు ఇన్ఫెక్షన్లు లెక్కగట్టి రాసుకోవాలి. అంకె చెప్పి, తగ్గించడానికి ఏం చేస్తున్నారో చెప్పినవాళ్లను నమ్మండి. "మా దగ్గర ఇన్ఫెక్షన్లే ఉండవు" అన్నవాళ్లను నేనైతే నమ్మను. లెక్కపెట్టని చోటే సున్నా ఉంటుంది. "ఓటీ రోజూ ఫాగింగ్ చేయిస్తాం" అని గొప్పగా చెప్పినా పట్టించుకోకండి, పొగ వదలడం వల్ల ఆపరేషన్ థియేటర్ శుభ్రం కాదు. చేత్తో తుడిచి కడగాలి, గాలి ఫిల్టర్లు పనిచేయాలి, లోపల మనుషుల రాకపోకలు తక్కువగా ఉండాలి. ఐసీయూ గుమ్మంలో చెప్పులు విప్పించే పట్టుదలలో పావువంతు చేతుల మీద పెడితే చాలు. గాంధీ, ఉస్మానియా, నిమ్స్ లాంటి చోట్ల రద్దీ ఎక్కువ, అక్కడ అటెండెంటు జాగ్రత్త ఇంకా ముఖ్యం. ప్రభుత్వ ఆసుపత్రి అనగానే మురికి అనీ, కార్పొరేట్ అనగానే శుభ్రం అనీ ముందే తీర్మానించుకోకండి. రెండుచోట్లా చేతులే లెక్క.

అమ్మ విషయంలో ఇంకో నెల ఉంది కదా, ఆ నెలే మీ బలం. షుగరు అదుపులోకి తెచ్చుకోండి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించండి, 8 దాటి ఉంటే చాలామంది సర్జన్లు ఆపరేషన్ వాయిదా వేస్తారు, వేస్తే బాధపడకండి. ఆపరేషన్ వేళకూ, తర్వాతా రక్తంలో షుగరు 200 దాటకుండా చూడాలి. పుచ్చిపళ్లు, కాలివేళ్ల మధ్య పాసిపోవడం, ఒంటి మీద సెగ్గడ్డలు ఉంటే ముందే వైద్యం చేయించి సర్జన్‌కు చెప్పండి. దాదాపు ముగ్గురిలో ఒకరి ముక్కులో గాయాలకు చీము పట్టించే స్టెఫైలోకోకస్ (స్టాఫ్) అనే బ్యాక్టీరియా ఊరికే కాపురం ఉంటుంది, కొన్ని ఆసుపత్రులు ముక్కులో దూదిపుల్ల పెట్టి పరీక్ష చేసి ముందే ఆయింట్‌మెంట్ ఇస్తాయి. మీ సర్జన్‌ను అడగండి. ఆపరేషన్ ముందు రోజూ, ఆ పొద్దునా ఒళ్లంతా సబ్బుతో స్నానం చేయించండి. మోకాలి దగ్గర వెంట్రుకలను ఇంట్లో బ్లేడుతో గీయకండి. కంటికి కనిపించని గాట్లు పడి అక్కడే క్రిములు చేరతాయి. తీయాల్సివస్తే ఆసుపత్రిలోనే క్లిప్పరుతో తీస్తారు.

యాంటీబయాటిక్ మాటకొస్తే, కోత పెట్టే ముందు ఒక గంటలోపు ఇచ్చే డోసే ముఖ్యం. "ముందు డోసు టైముకు పడుతుందా?" అని అడగండి. ఆపరేషన్ తర్వాత ఒక రోజు దాటి పొడిగించినా గాయం ఇన్ఫెక్షన్లు తగ్గవు, మందుకు లొంగని బ్యాక్టీరియా మాత్రం పెరుగుతుంది. ఇంటివాళ్లే "పెద్ద యాంటీబయాటిక్ రాయండి సార్" అని బతిమాలడం చూస్తుంటాను, దయచేసి ఆ పని చేయకండి. ఒకవేళ జ్వరం వచ్చి మందు మొదలుపెట్టాల్సివస్తే, ముందు రక్తం, మూత్రం కల్చర్‌కు (ఏ క్రిమో, దానికి ఏ మందు పనిచేస్తుందో తేల్చే పరీక్షకు) పంపారా అని అడగండి. రిపోర్టు వచ్చాక "దీన్నిబట్టి మందు మార్చాలాండీ?" అని మళ్లీ అడగండి.

చుట్టాల సంగతి. సూర్యాపేట నుంచి జీపు నిండా వచ్చి, మంచం అంచున కూర్చుని, కాలు పట్టుకుని, ఏడ్చి వెళ్లడం మనకు ప్రేమ. వద్దనలేం, తెలుసు. ఆ మాట నా మీద పెట్టేయండి. "డాక్టరమ్మ గట్టిగా చెప్పింది, ఆసుపత్రికి ఇద్దరికంటే ఎక్కువ రావద్దు, ఇంటికొచ్చాక అందరూ రండి, బగారన్నం వండి పెడతా" అని ఫోన్‌లో చెప్పండి. వీడియో కాల్‌లో అమ్మను చూపించండి. వచ్చినవాళ్లను మంచం మీద కాక కుర్చీలో కూర్చోబెట్టండి. దగ్గు, జ్వరం, విరేచనాలు, కళ్లకలక, చేతి మీద చీముపుండు ఉన్నవాళ్లు ఎంత దగ్గరివాళ్లయినా రాకూడదు. పిల్లల్ని తీసుకురావద్దు.

ఇంటికొచ్చాక కూడా కనీసం 90 రోజులు కళ్లు తెరిచి ఉండండి, లోపల కృత్రిమ కీలు ఉన్నవాళ్లలో ఇన్ఫెక్షన్ ఆలస్యంగానూ బయటపడుతుంది. కట్టు పొడిగా ఉండాలి. పసుపు, కొబ్బరినూనె, పౌడరు ఏవీ గాయం మీద వేయొద్దు. వీధిలో ఆర్‌ఎంపీ చేత కట్టు విప్పించొద్దు. తగ్గుతున్న నొప్పి మళ్లీ పెరిగినా, గాయం చుట్టూ ఎరుపు పాకుతున్నా, వేడిగా ఉన్నా, నీరో చీమో కారినా, చలితో జ్వరం వచ్చినా ఆ రోజే సర్జన్‌కు ఫోన్ చేయండి. మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొని వేసి చూద్దామనుకోకండి. స్ట్రిప్పు మీద నిలువునా ఎర్రగీత ఉందంటే అది డాక్టరు చీటీ లేకుండా వాడకూడని మందు. రెండు మాత్రలు పడ్డాక వస్తే కీలులోంచి తీసిన నీటిలో క్రిమి బయటపడకపోవచ్చు, అది పైకి అణిగినట్టుండి లోపల కీలు చుట్టూ పేరుకుంటుంది, అప్పుడు ఆ కీలునే తీసి మార్చాల్సి రావచ్చు. అందుకే డిశ్చార్జ్ నాడే సర్జన్ నంబరు, డ్యూటీ డాక్టరు నంబరు రెండూ మీ ఫోన్‌లోనూ, తమ్ముడి ఫోన్‌లోనూ వేసుకుని, రాత్రివేళ జ్వరం వస్తే నేరుగా ఎక్కడికి తీసుకురావాలో డిశ్చార్జ్ సమ్మరీ మీద రాయించుకుని మరీ బయల్దేరండి.